రాగిరేకులలోని మాతువు, రేకులకెక్కని ధాతువు

వాక్కునకు మాతువనియు, గేయమునకు ధాతువనియు సంగీతశాస్త్రకారులు పేర్లు పెట్టిరి. ఈ రెండింటిని తానే కల్పింపగలవాడు వాగ్గేయకారుడని 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని నిర్ణయము. ఈ నిర్వచనమునకు తెలుగునాట గొప్ప లక్ష్యముగా మనము తాళ్లపాక అన్నమాచార్యుని చూపుచున్నాము. ఆయన మాతువు రాగిరేకులపై నిలిచి మనవరకు వచ్చినది. మరి ధాతువు మాట యేమి? సంకీర్తనల సంగీతమును గూర్చి రేకులు చెప్పునదేమి, చెప్పనిదేమి, చెప్పని దానిని మనము వానిచేత ఎట్లు చెప్పించుచున్నాము అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింపదలచితిమి. తాళ్లపాక వాఙ్మయముపై సిద్ధాంతవ్యాసములు విరివిగా వెలువడుచున్న యీ కాలమున ఈ విచారము కేవలము పాండిత్యవినోదము కాదు. ఆధారమునకు మించిన మాట ఒక్కటి గ్రంథస్థమైనచో, దానిని చూచి పదిమంది వ్రాయుదురు. పిదప అదియే ప్రమాణమగును.

ముందుగా రేకుల చరిత్రను సంగ్రహముగా స్మరింతము. అన్నమాచార్యుడు 1503వ సంవత్సరమున పరమపదించెను. ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు తండ్రి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండారమున భద్రపరపించెననియు, ఆ పని అచ్యుతదేవరాయల యేలుబడి (1529–1542) ప్రాంతమున జరిగెననియు పండితులు తలచుచున్నారు. కాలక్రమమున ఆ భాండారము లోకమునకు మరుగుపడెను. ఎ. డి. కాంబెల్ 1816లో ప్రకటించిన తన తెలుగు వ్యాకరణపు పీఠికలో తిరుపతి రేకులను ప్రస్తావించెను. కాని వానిలో దైవస్తుతులు మాత్రమే కలవని తెలిసికొని విడిచిపెట్టెను. వ్యాకరణకర్తకు పనికిరానివని తోచిన యా స్తుతులే శతాబ్దికి పిమ్మట తెలుగు వాఙ్మయచరిత్రలో ఒక కొత్త అధ్యాయమును తెరచినవి. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషితో రేకులు వెలుగుచూచినవి. అటుపై పండిత విజయరాఘవాచార్యులు, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ మున్నగు పెద్దలు వానిని పరిష్కరించి ప్రకటించిరి. వంశమువారి ఇతర రచనలతో కూడిన 2,000కు పైబడిన రేకులను చదివి, వ్రాసి, అచ్చువేయించిన యా మహనీయుల శ్రమ లేనిచో నేడు మనము విమర్శించుటకైనను వస్తువుండెడిది కాదు.

ఇక రేకుపై నేమున్నదో చూతము. సంకీర్తనకు తలపై రాగము పేరు. దాని క్రింద సాహిత్యము. అధ్యాత్మ, శృంగార సంకీర్తనల రేకులు వేరువేరు. తాళము పేరు మిక్కిలి అరుదు. స్వరములు లేవు. ఆ కాలపు వ్రాతలన్నింటివలెనే పదములు విడివిడిగా నుండవు. అక్షరములు గొలుసుగా సాగిపోవును. నేడు మనము ముద్రిత సంపుటములలో చూచు పదవిభాగము, పాదవిభాగము, విరామచిహ్నములు పరిష్కర్తలు యతిప్రాసలను, అర్థమును అనుసరించి కూర్చినవి. ఇవి కూర్పులనుట వారిని తగ్గించుట కాదు. ముద్రిత పుటలోని పంక్తివిరుపును చూపి, అన్నమాచార్యుడు ఇచ్చట ఆగెను అని వ్రాయువారు, తాము వాగ్గేయకారుని గాక పరిష్కర్తను విమర్శించుచున్నామని ఎరుగవలెను.

మరియొక సంగతి. రాగిరేకును మనము అలవాటుగా మూలమనుచున్నాము. అచ్చుప్రతితో పోల్చినచో అది మూలమే. కాని కవి కంఠముతో పోల్చినచో అదియును ప్రతియే. పైని చెప్పిన కాలనిర్ణయమును అంగీకరించినచో, అన్నమాచార్యుడు గతించిన రెండు మూడు దశాబ్దులకు పిమ్మట, అంతకు మునుపటి వ్రాతప్రతులనుండి చెక్కినవారి చేతిమీదుగా అది వచ్చినది. ఆయన మనుమడు చిన్నన్న ద్విపదగా రచించిన అన్నమాచార్యచరిత్రము ప్రకారము సంకీర్తనల సంఖ్య 32,000. లభించినవి 12,000కు పైచిలుకు మాత్రమే. కావున మన చేతనున్నది సమగ్రము కాదు. చెక్కువారి ప్రమాదములకు అతీతమును కాదు. రేకును నమ్మవలెను, కాని రేకు ఏ విషయమున సాక్షియో ఆ విషయమునందే నమ్మవలెను.

చదివిన పిమ్మటను రేకు తనంత తానుగా మాటాడదు. అందులకు తొలి రేకుపై గల కాలసూచనయే నిదర్శనము. అందు శకవర్షము 1346 అగు క్రోధి, అనగా క్రీ.శ. 1424, అన్నమాచార్యుని అవతారము, పదునారేండ్లకు స్వామి ప్రత్యక్షమగుట, అన్నియు ఒకే దీర్ఘవాక్యమున చేరియున్నవి. ఆ సంవత్సరము అవతారమునకు అన్వయించునా, ప్రత్యక్షమునకు అన్వయించునా అనుదానిని బట్టి జననము 1424 అగును, లేదా 1408 అగును. రెండవ పక్షమే నేడు ఎక్కువ ప్రచారమున నున్నది. అక్షరములు స్పష్టముగా నున్న చోటనే అన్వయమునకు ఇంత పని కలదు. అక్షరములే లేని స్వరముల విషయమున మన జాగ్రత్త ఎంత యుండవలెను?

ప్రస్తుతస్థితి యెట్లున్నది? హైదరాబాదు పడమటి భాగమున, కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములందు అన్నమాచార్య సంకీర్తనలకున్న ఆదరణ చూడదగినది. శోభారాజుగారి అన్నమాచార్య భావనా వాహినికి నెలవైన అన్నమయ్యపురము ఈ పరిసరములలోనిదే. కంప్యూటర్ సంస్థలలో పగలెల్ల పనిచేయువారును, వారి పిల్లలును సాయంకాలములందు ఈ పాటలను నేర్చుచున్నారు. తెలుగు చదువుట పూర్తిగా రాని బాలురు సైతము పదునైదవ శతాబ్దపు తెలుగును కంఠస్థము చేయుచున్నారన్నచో, అది పాఠ్యపుస్తకములు సాధింపలేని కార్యము. ఇందులకు కారణము మధురమైన వర్ణమెట్లు. ఆ వర్ణమెట్లు ఎవరివి? రాళ్లపల్లివారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మున్నగు విద్వాంసులు కూర్చినవి. వారు తాము స్వరపరచితిమని యే చెప్పిరి, దాచలేదు. దాచినది మన అలవాటు. పాడువారు కూర్పరి పేరు విడుతురు. వినువారు అన్నమయ్య ఇట్లే పాడెననుకొందురు. ఆపై పరిశోధకుడు ధ్వనిముద్రికను విని, కవి రసానుగుణముగా ఫలానా రాగమును ఎన్నుకొనెనని వ్రాయును. మా దృష్టికి వచ్చిన సిద్ధాంతవ్యాసములలో ఈ తుదిమెట్టు అరుదు కాదు. రేకుపై ఒక రాగము, పాటలో మరియొక రాగము ఉన్నచోట, రెండవదానిని బట్టి కవి హృదయమును నిర్ణయించుట విమర్శ యనిపించుకొనదు.

ఒక్క ఉదాహరణము చాలును. హంసధ్వని రాగమును ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు (1735–1817) కల్పించెనని ప్రసిద్ధి. ఆ రాగమున నేడు పాడుకొను అన్నమాచార్య కృతులు కలవు. వినుటకు ఇంపైనవే. కాని ఆ ఇంపు వాగ్గేయకారునికి రెండువందల యేండ్లకు పైబడిన పిమ్మటిది. దానిని పదునైదవ శతాబ్ది ఖాతాలో వ్రాయరాదు.

అట్లయిన, రేకుపై నున్న రాగమునే పాడినచో సమస్య తీరునా అని అడుగవచ్చును. తీరదు. ఇదియే ఈ విచారమునకు ఆయువుపట్టు. పేరు నిలిచినంత మాత్రమున రాగము నిలిచినట్లు కాదు. ముఖారిని చూడుడు. అది రేకులలో తరచుగా కనబడు పేరు. విజయనగరమున అళియ రామరాయల ప్రోత్సాహమున రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి యందు మొదటి మేళము ముఖారియే. అందలి స్వరములన్నియు శుద్ధస్వరములు; నేటి భాషలో చెప్పినచో కనకాంగి స్వరములు. పదునేడవ శతాబ్దిలో వేంకటమఖి చతుర్దండీప్రకాశిక యందును ముఖారికి ఆ స్థానమే. నేటి గాయకుడు పాడు ముఖారి యన్ననో ఖరహరప్రియ జన్యము. దాని రిషభము చతుశ్శ్రుతి, ధైవతములు రెండు రకములు. ఈ రెండు ముఖారులు ఎదురుపడినచో ఒకదాని నొకటి గుర్తింపజాలవు. అన్నమాచార్యుడు ఏ ముఖారిని పాడెను? రామామాత్యుని గ్రంథము ఆయన మరణమునకు 47 సంవత్సరముల తరువాతిది. కాలమున మిక్కిలి దగ్గర సాక్షి. అయినను శాస్త్రకారులు పూర్వసంప్రదాయమును పట్టి వ్రాయుటయు, గాయకులు వేరుగా పాడుటయు మన సంగీతచరిత్రలో కలదు. కావున నేటి ముఖారిలో పాడి ఇదియే మూలరాగమనుట ఎంత సాహసమో, కనకాంగి స్వరములలో పాడి ఇదియే నిజమనుటయు అంతియే సాహసము.

శ్రీరాగము విషయము వేరు. రామామాత్యుని శ్రీరాగమేళము స్వరములును, నేటి శ్రీరాగము స్వరములును ఒకే మేళమునకు చెందినవి. మాళవగౌళ మేళమును అంతే. బౌళి, మలహరి, గుండక్రియ వంటివి నాడును నేడును ఆ నీడనే యున్నవి. ఇట్టిచోట మన నమ్మకము కొంత హెచ్చవచ్చును. కాని స్వరస్థానములు కలిసినంతనే సంచారములు కలిసినట్లు కాదు. రాగమునకు ప్రాణము ప్రయోగమునందు కలదు. ఇక కొండమలహరి, అబాలి, అమరసింధు, ముఖారిపంతు మున్నగునవి నేటి కచ్చేరీలలో వినరాని పేర్లు. రేకులందలి రాగములు సుమారు 90. వానిని నిలిచినవి, మారినవి, మాసినవి అని మూడు తరగతులుగా విభజించి, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క విధమైన జాగ్రత్త వహింపవలెనని మా మతము. రాగములన్నింటిని ఒకే పట్టికలో చేర్చి, ఇన్ని కీర్తనలు ఈ రాగమున నున్నవని లెక్క తేల్చుట పరిశోధనకు తొలిమెట్టే కాని తుదిమెట్టు కాదు.

తాళము సంగతి కొంత ఆశాజనకము. రేకు తాళము పేరు చెప్పకున్నను, సాహిత్యపు మాత్రలు కొంత చెప్పును. పల్లవియందు అయిదేసి మాత్రల గణములు వరుసగా నడచుచు చరణములందును అదే నడక సాగినచో ఖండగతి యని ఊహించుట న్యాయమే. మూడు నాలుగుల కూడికయైనచో మిశ్రగతి. యతిప్రాసలు పాదముల హద్దులను చూపును. పదలక్షణములను చెప్పుటకు తాళ్లపాకవారే సంకీర్తనలక్షణమును రచించియుండుట మనకు గొప్ప అదృష్టము: అన్నమాచార్యుడు సంస్కృతమున రచించినది లభింపలేదు, మనుమడు చినతిరుమలాచార్యుని తెలుగు కృతి లభించినది. కాని ఇచ్చటను హద్దు కలదు. సాహిత్యపు గురులఘువులు గానమున యథాతథముగా నిలువవు. ఒక్క అక్షరమును ఆవర్తమంత సాగదీయు సంప్రదాయము మన పదములకు కలదు. మాత్రాగణనము పాట యెముకలగూటిని చూపును. నడకలోని ఒయ్యారమును చూపదు.

క్షేత్రయ్య పదములతో పోల్చినచో ఈ భేదము తేటపడును. పదునేడవ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య పదములు దేవదాసీల కంఠములందు, నట్టువాంగముల యందు, వీణ ధనమ్మాళ్ (1867–1938) వంటి విదుషీమణుల కుటుంబములందు నోటినుండి నోటికి సాగినవి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగు లిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని యందు కొన్ని స్వరసహితముగా నెక్కినవి. అచ్చట ధాతువు కంఠపరంపరగా వచ్చినది. మాతువునకు మాత్రము పాఠభేదములు మెండు. తాళ్లపాకవారి విషయమున దీనికి విపర్యయము: మాతువునకు లోహశాసనము కలదు, ధాతువునకు పరంపర తెగినది. భజన సంప్రదాయపు తోడయమంగళమున నిలిచిన అన్నమాచార్య సాహిత్యము వంటిది ఏదో కొలదిగ మిగిలినది. చెవి కాపాడినదానిని కన్ను కాపాడలేదు. కన్ను కాపాడినదానిని చెవి కాపాడలేదు. ఈ రెండు వాఙ్మయములను ఒకే కొలతతో విమర్శించుట తగదు.

నాటికి మనవారికి స్వరలేఖనము తెలియకపోవుటచే రేకులపై స్వరములు లేవని కొందరందురు. ఇది నిలువదు. పుదుక్కోట సమీపమున కుడుమియాన్‌మలైలో ఏడెనిమిది శతాబ్దుల నాడే స్వరాక్షరములను శిలపై చెక్కిరి. తిరుమలలోనే సాళగసూడ ప్రబంధములను స్వరములతో చెక్కిన శిలాలేఖనములు కనబడినవి. తంజావూరు సరస్వతీమహల్ గ్రంథాలయమున తెలుగు లిపిలో గీత, ఠాయ, సూళాది, ఆలాపములు స్వరసహితముగా నున్న ప్రతులు కలవు. తంజావూరు నేలిన షాహజీ (1684–1712) తెలుగున రచించిన రాగలక్షణము అట్టి ప్రయోగములనే లక్ష్యములుగా ఉదాహరించినది. కావున స్వరలేఖనము తెలియనిది కాదు. లక్షణమును, శిక్షణను ఉద్దేశించినచోట దానిని వాడిరి. సంకీర్తనల రేకులపై వాడలేదు. ఏల? రేకులు స్వామికి సమర్పణము. సమర్పింపబడినది వాక్కు, గానము నిత్యకైంకర్యమున పాడువారి కంఠమున సజీవముగా నున్నది. సజీవమైన దానిని చెక్కనక్కరలేదని వారు తలచియుందురు. ఇది మా ఊహ. కాని రేకుల మౌనమును అజ్ఞానముగా గాక విశ్వాసముగా చూచుట వాస్తవమునకు సమీపమని తలచుచున్నాము. ఆ కంఠము ఒకనాడు మూగబోవునని వారు శంకింపలేదు.

ఇతరదేశములందలి మధ్యయుగ గాత్రసంగీతమును పరిశోధించినవారు ఇట్టి చిక్కునే ఎదుర్కొనిరి. అన్నమాచార్యునకు సమకాలికుడైన గియోమ్ దుఫాయ్ (మరణము 1474) కృతులు స్వరకాలచిహ్నములతో లిఖితమైనవి గాన వానిని నేడును పాడగలుగుచున్నారు. అంతకు పూర్వపు, పదవ శతాబ్దినాటి సెంట్ గాల్ మఠపు ప్రతులయందు స్వరము ఎక్కుట దిగుటలను సూచించు చిహ్నములే కాని స్వరస్థానములు లేవు. అట్టి ప్రతులను పాడించుటకు ముందు వారు చేసిన పని గమనింపదగినది. ఫ్రాన్సులోని సొలెమ్ మఠపు సన్యాసులు 1889 నుండి మూలప్రతుల ఛాయాచిత్రములనే సంపుటములుగా ప్రకటించిరి. మా మాటను నమ్ముడు అనలేదు. ఇదిగో ప్రతి, మీరును చదువుడు అనిరి. పరిష్కరణమునకు ప్రక్కనే ప్రతిబింబ ముండుట వారి శాస్త్రమునకు బలము. తాళ్లపాక రేకుల అధ్యయనమును ఈ పద్ధతినే నడువవలెను. విద్యార్థి 29 సంపుటములను చదివినంతనే మూలమును చూచినట్లు కాదు.

ధాతువు పోయినందున సంకీర్తనలను కేవలము సాహిత్యముగా చదువుదము అను వారును కలరు. తెలుగుశాఖలలో ఈ పక్షమునకే బలమెక్కువ. ఇదియును మాకు సమ్మతము కాదు. పాటకై పుట్టిన మాటలో పాట ఆనవాలుండును. సంకీర్తనలు పెక్కింటికి పల్లవియు మూడు చరణములును; చరణాంతమున వాక్యము తరచుగా ముగియక పల్లవితో కలిసిననే అన్వయము కుదురును. పల్లవి ఒక్కటే అయినను, మొదటి చరణము పిదప ప్రశ్నగా వినబడినది మూడవ చరణము పిదప సమాధానముగా వినబడుట కలదు. దీనిని పద్యమువలె పైనుండి క్రిందికి ఒక్కమారు చదివి విడిచినచో కవి కల్పించిన అర్థములో మూడు పాళ్లు జారిపోవును. స్వరము తెలియకున్నను ఆవృత్తి తెలియును, ఆవృత్తి గానధర్మమే. మేలుకొలుపులు, లాలిపాటలు, ఉత్సవకీర్తనలు వేరువేరు సమయములకు చెందినవగుటయు, ఆ సమయములను బట్టి శీర్షికారాగమును పరిశీలించుటయు రేకు మనకిచ్చిన మార్గములే. పోయినదానికై శోకించుచు ఉన్నదానిని చూడకుండుట తగునా?

కావున పరిశోధకులు మూడు అంతరువులను ఎడబాటుగా చూపవలెనని మా ప్రతిపాదన. మొదటిది రేకుపాఠము, దానికి రేకు సంఖ్యయు, సాధ్యమైనచో ప్రతిబింబమును ఆధారము. రెండవది శీర్షికారాగము; దానిని నాటి లక్షణగ్రంథములతో పోల్చి, నిలిచినదో మారినదో మాసినదో చెప్పవలెను. మూడవది వర్ణమెట్టు, దానికి కూర్పరి పేరు, కాలము తెలుపవలెను. మొదటి రెండింటి నుండి అన్నమాచార్యుని గూర్చి తీర్మానింపవచ్చును. మూడవదాని నుండి తీర్మానింపదగినది ఇరువదవ, ఇరువదియొకటవ శతాబ్దుల తెలుగు సంగీతమును గూర్చి. అదియును తక్కువ విషయము కాదు. ఐదువందల యేండ్ల నాటి మాటకు మనకాలపు విద్వాంసులు ప్రాణము పోసిన తీరు ప్రత్యేకముగా ఒక సిద్ధాంతవ్యాసమునకు అర్హమైనది. వారి కృషిని అన్నమయ్య పేర కప్పివేయుట వారికి అన్యాయము. వారి కూర్పును అన్నమయ్యకు అంటగట్టుట ఆయనకు అన్యాయము.

ఈ నియమమువలన పాడువారికి నష్టమేమియు లేదు. పాట ఎప్పటివలె సాగును. మన పేటలలోని పిల్లలు ఎప్పటివలె నేర్తురు. వారికి రాగము పేరుతో పాటు కూర్పరి పేరునుగూడ చెప్పినచో చాలును. రేకు మనకు మాట నిచ్చినది, రాగము పేరు నిచ్చినది. తక్కినది తన కాలపు కంఠమునకు విడిచినది. మన కాలపు కంఠము దానిని తనదిగా ఒప్పుకొని పాడుటయే న్యాయము.